పూజకు బయటికి తీసిన ఆరు డిస్కులు

బొగ్గు కంపెనీలో నా ఆఖరి పోస్టింగు చంద్రపూర్‌లోని ఒక ఏరియా ఆఫీసులో. రిటైరవడానికి ఏడేళ్ల ముందు, జూన్ నెలలో, సీనియర్ సిస్టమ్స్ ఆఫీసర్‌గా అక్కడ చేరాను. కొన్ని గనులను కలిపి ఒక ఏరియా అంటారు. వాటన్నిటి మీద ఒక జనరల్ మేనేజర్, ఒక్కో గనికి ఒక మేనేజర్ ఉంటారు. బయటి ఆఫీసుల్లో మేనేజర్ అంటే ఒక హోదా. గనిలో అది చట్టం అప్పగించిన బాధ్యత. లోపల ఎవరికి ఏం జరిగినా జవాబు చెప్పవలసినవాడు ఆయనే. సిస్టమ్స్ విభాగం ఈ వరుసలో ఎక్కడా రాదు. మేం కంప్యూటర్లు నడిచేలా చూస్తాం. అవి నడిచినంత కాలం మేం ఉన్నామని ఎవరికీ గుర్తుండదు. నాకు ఆ ఏర్పాటు నచ్చేది.

ఇప్పుడు రాస్తున్నది ఆ మొదటి ఏడాది దసరా నాటి సంగతి. ఇన్నాళ్లూ దీన్ని నా దగ్గర ప్రోగ్రామర్‌గా పనిచేసిన వందన చెబుతూ వచ్చింది. ప్రతి వీడ్కోలు విందులోనూ ఎవరో ఒకరు అడిగేవారు, ఆమె చెప్పేది, చెప్పిన ప్రతిసారీ కథ కొంచెం పెరిగేది. ఆమె కథలో సర్వర్ మీద కొబ్బరికాయ కొట్టారు. నిజానికి కొబ్బరికాయ గడప దగ్గరే కొట్టారు. ఈ ఎండాకాలంలో వందన చనిపోయింది. చెప్పేవాళ్లు లేరు కాబట్టి నేను రాస్తున్నాను. ఆమె పెంచిన చోట తగ్గించాను. దానితోపాటు నవ్వు కూడా కొంత తగ్గి ఉంటే అది నా చేతకానితనం.

మా సర్వర్ మా గదిలో ఉండేది కాదు. మా గది పైకప్పు కారేది. సర్వే విభాగానికి కొలత యంత్రాల కోసం ఒక ఏసీ గది ఉండటంతో అందులో ఒక మూల సర్వర్‌కు చోటిచ్చారు. ఇచ్చినవాడు సీనియర్ సర్వే ఆఫీసర్ రాజలింగు. వాళ్ల నాన్న మంచిర్యాల వైపు నుంచి గని పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. రాజలింగు గని కాలనీలో పుట్టి, మరాఠీ బడిలో చదివి, మైనింగ్ సర్వే డిప్లొమా చేసి, అంచెలంచెలుగా ఆ కుర్చీకి వచ్చాడు. తెలుగు గలగలా మాట్లాడేవాడు గానీ చదవడానికి కూడబలుక్కోవలసి వచ్చేది. నేను ఆ జిల్లాలోనే తెలుగు మాట్లాడే విరూర్ పక్క పల్లెలో రైతుల ఇంట పుట్టినవాణ్ణి కాబట్టి మా ఇద్దరి మధ్య మాట మొదటి రోజునే కలిసింది. ఆయన నన్ను తమ్మీ అనేవాడు, నేను అన్నా అనేవాణ్ణి. వందన మరాఠీ అమ్మాయి. కాలనీలో తెలుగువాళ్ల మధ్య పెరిగి మా మాట పట్టుకుంది. ఆమెకు ఆయన కాకా, అంటే బాబాయి.

సర్వర్‌లో ఆరు డిస్కులుండేవి. ఒక్కొక్కటి సొరుగులా ముందుకు లాగితే వచ్చే ట్రేలో ఉంటుంది. ఆరింటినీ కలిపి ఒకే పెద్ద డిస్కులా చూపించే ఏర్పాటును అరే అంటారు. వందన ఆ మాటను ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టు పలికేది. ఆ ఏర్పాటులో ఒక ఫైలును సమానమైన ముక్కలుగా కోసి, పేకముక్కలు పంచినట్టు, ఒక్కో డిస్కుకు ఒక్కోటి వరసగా పంచుతారు. ప్రతి పంపకంలోనూ ఒక డిస్కుకు మాత్రం ఫైలు ముక్క బదులు మిగతా ఐదు ముక్కల నుంచి లెక్కగట్టిన ఒక ముక్క వెళుతుంది. దాన్ని పారిటీ అంటారు. అది ఒక్కో పంపకంలో ఒక్కో డిస్కుకు వంతు తిరుగుతూ వెళుతుంది. దాని వల్ల ఏ ఒక్క డిస్కు చెడిపోయినా అందులో ఉన్నదాన్ని మిగతా ఐదింటి నుంచి మళ్లీ లెక్కగట్టవచ్చు. రెండు చెడిపోతే చేయగలిగింది లేదు. ఏది ఎన్నోదో తెలియకపోతే ఆరూ బాగున్నా చేయగలిగింది లేదు. ఈ చివరి సంగతిని ఎవరూ ముందుగా ఊహించరు.

బ్యాకప్ టేపు మీద తీయాలి. టేపు డ్రైవు నేను చేరేనాటికే పాడై ఉంది. చేరిన వారంలోనే కొత్తదానికి ఇండెంటు, అంటే కొనుగోలు కోరిక, పంపాను. దసరా నాటికి అది పై ఆఫీసులో ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కు నడుస్తూ ఉంది.

ఆ సర్వర్ మీద ఉన్నవాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది రాజలింగు సర్వే. ఒక గనిలో దిగువ భాగానికి గాలి ఆడేది కాదు. అక్కడ పనిచేసేవాళ్లు చొక్కాలు విప్పి పిండుకునేవారు. దానికి గాలి అందించడానికి పక్కన కొత్తగా ఇంక్లైన్ తవ్వారు. ఇంక్లైన్ అంటే ఏటవాలుగా భూమిలోకి దిగే దారి. అటు నుంచి ఒక గ్యాలరీ, అంటే బొగ్గులో తొలిచే సొరంగం, పాత గని వైపు నుంచి ఒక గ్యాలరీ ఎదురెదురుగా తవ్వుకుంటూ వస్తున్నారు. రెండూ కలిస్తే గాలి ఆ దారిన పారుతుంది. ఎటు తవ్వాలో చెప్పేవాడు సర్వేయర్. ఆయన గ్యాలరీ కప్పుకు మేకులు కొట్టించి, వాటికి దారాలతో గుండ్లు వేలాడదీస్తాడు. తవ్వేవాళ్లు ఆ దారాలు ఒకదాని వెనక ఒకటి సరిపోయేలా చూసుకుంటూ ముందుకు పోతారు. అటువాళ్లు ఇటువాళ్లకు కనబడరు. మధ్యలో బొగ్గు. లెక్క కొంచెం తప్పితే రెండు గ్యాలరీలూ ఒకదాని పక్క నుంచి ఒకటి వెళ్లిపోతాయి.

రాజలింగు ఆ నవంబరు ఆఖరున రిటైరవుతున్నాడు. తను కుర్చీ దిగేలోపు, తన దారం మీదే ఆ రెండూ కలవాలని ఆయన కోరిక. ఆ కోరికను ఎవరికీ చెప్పలేదని ఆయన అనుకునేవాడు. ఏరియాలో అందరికీ తెలుసు.

కొలతలన్నీ టోటల్ స్టేషన్ అనే యంత్రంతో తీసేవారు. అది కోణమూ దూరమూ తనే కొలిచి ఒక కార్డు మీద రాసుకుంటుంది. కార్డులో ఉన్నదాన్ని సర్వర్‌కు ఎక్కించి, కార్డు చెరిపి, మళ్లీ గనిలోకి తీసుకుపోయేవారు. ఆ రెండు గ్యాలరీలను కలపడానికి తీసిన రీడింగులు సర్వర్ మీద తప్ప ఇంకెక్కడా లేవు.

ఇక దసరా. పనిముట్లను తుడిచి బొట్టు పెట్టడం అన్ని విభాగాల్లోనూ ఉన్నదే. సర్వేవాళ్లకు మాత్రం ఒక నియమం ఎక్కువ. వాళ్ల యంత్రాలన్నీ పెట్టెల్లో ఉంటాయి. పెట్టెకు బొట్టు పెడితే పూజ పెట్టెకు చెందుతుంది గానీ యంత్రానికి కాదు. అందుకని ప్రతిదాన్నీ పెట్టెలోంచి బయటికి తీసి, తెల్ల తువ్వాలు పరిచి దాని మీద పెట్టి, అప్పుడు పూజ చేస్తారు. ఆ ఏడాది సర్వర్ వాళ్ల గదిలో ఉంది. గదిలో ఉన్నది గదివాళ్లదే. దాని పై రేకుకు బొట్టు పెట్టి ఊరుకోవడం రాజలింగుకు మర్యాదగా తోచలేదు.

నేను పండగకు ఊరెళ్లాను. తిరిగి డ్యూటీకి వచ్చిన ఉదయం రాజలింగు మా విభాగం గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మరాఠీవాళ్లు దసరాకు ఆప్టా ఆకును బంగారమని చెప్పి చేతిలో పెడతారు. మనవాళ్లు జమ్మి ఆకు పెడతారు. ఆయన రెండూ పెట్టి, గట్టిగా కౌగిలించి అలాయ్ బలాయ్ తీసుకున్నాడు. నాకు అప్పుడే అనుమానం రావలసింది.

“పండుగ మంచిగైందా తమ్మీ? ఇంటికాడ అందరు మంచిగున్నరా?”

మంచిగున్నారన్నాను.

“ఏం లేదు, నీ మిషన్ ఏందో అడుగుతుంది. పండుగ సంది అడుగుతనే ఉంది.”

“ఏం అడుగుతుందన్నా?”

“మొదలు ఒకటి అడిగింది. అవునన్న. గప్పటి సంది ఇంకోటి అడుగుతుంది.”

వెళ్లి చూశాను. ఆరు ట్రేలకూ పసుపు, కుంకుమ ఉన్నాయి. తెరమీద కంట్రోలర్ ప్రశ్న నిలిచి ఉంది. కంట్రోలర్ అంటే ఆరు డిస్కులకూ పని పంచే కార్డు. సర్వర్‌ను ఆపి, డిస్కులు తీసి, పూజ చేసి, తిరిగి పెట్టి, ఆన్ చేశారు. డిస్కులు తమ చోట్లలో లేకపోవడం చూసి ఆ కార్డు, పాత అమరిక వివరాలు చెరిపేయమంటారా అని అడిగింది. మర్యాదగా అడిగింది, అవునన్నాను అని రాజలింగు వాదన. ఆ అవునుతో డేటా పోలేదు. ఏ డిస్కు ఎన్నోది, ముక్క పొడవెంత అని రాసి ఉన్న చిన్న భాగం పోయింది. ఇప్పుడు తెర మీద ఉన్న రెండో ప్రశ్న, కొత్త అరే తయారు చేయమంటారా అని. దానికీ అవునని ఉంటే కార్డు డిస్కుల మీద రాయడం మొదలుపెట్టేది, మేం ఇళ్లకు వెళ్లిపోయేవాళ్లం.

రెండోదానికి ఎందుకు జవాబివ్వలేదని అడిగాను.

“మొదటిదానికి జవాబిస్తే రెండోది అడిగింది. దీనికిస్తే మూడోది అడుగుతది. నాకేం పని లేదా?”

ఆ విసుగే మమ్మల్ని కాపాడింది. వైరు పీకించాను.

గని మేనేజర్‌కు చెప్పక తప్పలేదు. ఆయన కోప్పడలేదు. ఆఖరి రీడింగులు చేతికి వచ్చేదాకా రెండు గ్యాలరీల్లోనూ తవ్వకం ఆపమని రాతపూర్వకంగా ఆదేశం ఇచ్చాడు. రీడింగులు రాకపోతే ఉపరితలం నుంచి మొదలుపెట్టి రెండు వైపులా మళ్లీ సర్వే చేయాలి. అది నవంబరు దాటుతుంది. అంటే కొత్తగా వచ్చే సర్వేయర్ చేస్తాడు, కొత్త దారం వేస్తాడు. ఇందులో మేనేజర్ తప్పేమీ లేదు. ఎదురెదురుగా వస్తున్న గ్యాలరీలు ఎక్కడున్నాయో తెలియకుండా మందుగుండు పేల్చనివ్వడం నేరం. రాజలింగు ఆ కాగితం తీసుకుని, ఒక యంత్రం పెట్టె మీద కూర్చుని, “సరే గదా” అన్నాడు.

ఇలాంటి పనిలో మొదటి నియమం, అసలు డిస్కుల మీద పని చేయకూడదు. ప్రతి డిస్కునూ మొదటి నుంచి చివరిదాకా ఉన్నదున్నట్టు వేరే డిస్కు మీదికి నకలు తీయాలి. తీసేటప్పుడు అసలు దాని మీద ఒక్క అక్షరం కూడా రాయకుండా అడ్డు పెట్టాలి. ఆ తర్వాత ప్రయోగాలన్నీ నకళ్ల మీదే. ఖాళీ డిస్కులు స్టోర్స్‌లో కొత్త కంప్యూటర్ల కోసం వచ్చి ఉన్నాయి. మేనేజర్ సంతకంతో తెచ్చుకున్నాం. ఐదు డిస్కులు సాఫీగా నకలయ్యాయి. ఆరోది టక్ టక్‌మని శబ్దం చేసి మధ్యలో ఆగిపోయింది. వందన కథలో దాన్ని చంపింది కుంకుమ. డిస్కు మూసిన పెట్టె, అందులోకి కుంకుమ పోదు. అది వయసు మీద పడి పోయింది. నా రిపోర్టులోనూ అదే రాశాను. ఒకటి పోయినా పారిటీ ఉంది కాబట్టి ఫరవాలేదు, మిగతావాటి వరుస తెలిస్తే.

ఆరు డిస్కులను వరసగా పెట్టడానికి ఏడు వందల ఇరవై మార్గాలున్నాయి. ముక్క పొడవు, పారిటీ తిరిగే దిశ కూడా తెలియవు కాబట్టి ఆ అంకెను ఇంకా కొన్ని రెట్లు హెచ్చించాలి. గుడ్డిగా వెతికేముందు రాజలింగును పిలిచి కూర్చోబెట్టాను.

“అన్నా, తీసేటప్పుడు ఎట్ల తీసినవు?”

“ఎడమకెళ్లి కుడికి. ఒకదాని ఎన్క ఒకటి. సర్వేయర్ని తమ్మీ, నన్ను గట్ల అడుగుతవా?”

“పెట్టేటప్పుడు?”

“గదే వరసల పెట్టిన.”

“మరి తప్పెక్కడైంది?”

“తప్పేం గాలే. మధ్యల పళ్లెం చుట్టూ గుండ్రంగ పెట్టినం. అంతే.” టేబుల్ మీద వేలితో ఒక సున్నా గీశాడు.

“గుండ్రంగా పెడితే అందులో మొదటిది ఏదన్నా?”

ఆయన అదే సున్నాను వేలితో ఇంకోసారి గీశాడు. “క్లోజ్ ట్రావర్స్ గదా తమ్మీ. క్లోజ్ అయితే సాలు. మొదలు ఏడ వెట్టినా ఒకటే.”

ఇది కొంచెం వివరించాలి. సర్వేయర్ ఒక చోట మొదలుపెట్టి, ఒక మేకు నుంచి ఇంకో మేకుకు కొలుచుకుంటూ వెళ్లి, చుట్టు తిరిగి మొదటి మేకు దగ్గరికే వస్తాడు. లెక్క అక్కడ సరిగ్గా కలిస్తే కొలతలన్నీ నమ్మదగినవే. దాన్ని క్లోజ్ ట్రావర్స్ అంటారు. అలాంటి చుట్టులో ఏ మేకు నుంచి మొదలుపెట్టినా ఫలితం మారదు. ముప్పై ఏళ్లకు పైగా ఆ లెక్కతో బతికిన మనిషి డిస్కులను చుట్టూ పెట్టినప్పుడు, వరుస తప్పనంత వరకు మొదలు ఏదైనా ఒకటేననుకోవడం సహజం. తిరిగి పెట్టేటప్పుడు తూర్పున దీపం ముందున్న డిస్కుతో మొదలుపెట్టాడు, శుభమని. వేరే విభాగంలో ఎవరైనా డిస్కులను ఇష్టం వచ్చినట్టు కలిపేసి ఉండేవారు. ఇంత పద్ధతిగా తప్పు చేయడం సర్వేయర్‌కే సాధ్యం.

అయితే ఆ పద్ధతి వల్లే పని తేలికైంది. చుట్టు వరుస నిలిచి ఉంటే, మొదలు ఆరింటిలో ఒకటి, దిశ రెండింటిలో ఒకటి. ఏడు వందల ఇరవై పోయి పన్నెండు మిగిలాయి. వందన చప్పట్లు కొట్టింది. పూజ రోజు నువ్వెక్కడున్నావని ఆమెను అడిగాను.

“నేను వచ్చేసరికే డిస్కులు బయట ఉన్నయ్ సర్. అరే బాప్‌రే అనుకున్న. గింతల కాకా ఆరతి పళ్లెం నా చేతుల పెట్టిండు. ఆరతి చేతుల ఉంటే కాకాని ఎట్ల తిట్టాలె?”

“తిట్టకపోతివి. ఇప్పుడు తిట్టు,” అన్నాడు రాజలింగు.

“ఇప్పుడు మీరు పరేషాన్ ఉన్నరు. తర్వాత తిడత.”

పన్నెండు వరుసలనూ, మామూలుగా వాడే ముక్క పొడవులన్నిటితో, పారిటీ రెండు దిశలతో, ఒక్కొక్కటిగా నకళ్ల మీద అమర్చి చూశాం. ఒకదానిలో ఫోల్డర్ల పేర్లు కనిపించాయి. ఒక ఉత్తరం తెరిస్తే తెరుచుకుంది. ఇంకొకటి తెరుచుకుంది. రాజలింగు మాకు చెప్పకుండా బయటికి వెళ్లి పేడా మిఠాయి డబ్బాతో తిరిగొచ్చాడు. గని పటం తెరవమన్నాడు. తెరిచాం. గ్యాలరీలు మధ్యలో తెగి, తెగిన భాగం పక్కకు జరిగి, మళ్లీ తెగి ఉన్నాయి. ఆయన వంగి చూశాడు.

“గిది ఏ గని?”

వందన డబ్బా మూత పెట్టేసింది. “కాకా, పేడే వాపస్.”

చిన్న ఫైలు ఒకే ముక్కలో ఇమిడిపోతుంది. వరుస తప్పినా ఆ ఒక్క ముక్క దొరికితే చాలు, తెరుచుకుంటుంది. పటం పెద్దది, ఆరు డిస్కుల మీదా పరుచుకుని ఉంటుంది. అది సరిగ్గా తెరుచుకుంటేనే వరుస సరైనట్టు. పన్నెండులో ఏదీ సరైనది కాదు. అంటే చుట్టు వరుస కూడా ఎక్కడో తప్పింది. రాజలింగు దాన్ని ఒప్పుకోలేదు. తను వరుస తప్పలేదని ఒట్టు పెట్టుకున్నాడు. నేను ఆయనను నమ్మాను, డిస్కులనూ నమ్మాను. రెండూ ఎలా నిజమో మాత్రం తెలియలేదు.

ఇక మిగిలింది వరుసను డిస్కుల నుంచే చదవడం. దానికి ఒక పెద్ద ఫైలు కావాలి. అందులో ఉన్నది కంటితో చదివేలా ఉండాలి, ఏది దేని తర్వాత వస్తుందో మాకు తెలిసి ఉండాలి. అలాంటిది ఒకటి ఉంది. టోటల్ స్టేషన్ రీడింగులన్నీ ఒకే ఫైలు చివర చేరుతూ పోయేవి. ఒక్కో వరుసలో మేకు నంబరు, కోణాలు, దూరం. నకళ్లలో వెతికితే ఆ అంకెలు ప్రతి డిస్కు మీదా చారలు చారలుగా కనిపించాయి. ముక్క తెగిన చోట వరుస సగంలో ఆగిపోతుంది. మిగతా సగం ఇంకో డిస్కు మీద మొదలవుతుంది. అలా తెగిన చోట్ల మధ్య దూరం చూస్తే ముక్క పొడవు తేలింది. అంకెలకు అర్థమే లేని చోట పారిటీ ఉందని వందన గుర్తుపట్టి, అది ఏ దిశలో తిరుగుతోందో గీసి చూపించింది. ఇక తెగిన సగాలను జత చేయాలి.

మేకు నంబర్లు వరసగా పెరుగుతాయనుకుని జత చేయడానికి ఒక ప్రోగ్రాం రాశాను. అది కొంత దూరం వెళ్లి ఆగిపోయింది. రెండు వందల పద్నాలుగు తర్వాత పదిహేను ఎక్కడా లేదు. రాజలింగును పిలిచాను.

“పదిహేను ఏడిది? ఆడ రాయి అడ్డం తగిలింది. మల్లా ఎన్కకు వచ్చి, నూట తొంభై కాడికెళ్లి కుడికి తిరిగినం. ఆడికెళ్లి మూడు వందల నంబర్లు. మూడు వందల ఒకటి చూడు.”

వెతికితే మూడు వందల ఒకటి ఇంకో డిస్కు మీద ముక్క మొదట్లోనే ఉంది. తెగిన రెండు సగాలూ కలిశాయి. అక్కడి నుంచి ముగ్గురం కలిసి సాగాం. ప్రోగ్రాం ఆగిన ప్రతిచోటా ఆయన కళ్లు మూసుకుని ఆ మలుపు దగ్గర ఏం జరిగిందో చెప్పేవాడు, నేను వెతికేవాణ్ణి, వందన ఏ డిస్కు తర్వాత ఏ డిస్కు వచ్చిందో బోర్డు మీద రాసేది. ఆయన చెప్పినవన్నీ సరైనవి కావు. ఒకచోట రెండు నంబర్ల మధ్య ఇంకో మేకు లేదని వాదించాడు. డిస్కు ఉందంది. చాలాసేపు డిస్కుతో పోట్లాడి, చివరికి, “అవ్, గా దినం నాకు జరమొచ్చింది. గది హెల్పర్ కొట్టిండు,” అని ఒప్పుకున్నాడు.

బోర్డు మీద ఒకే వరుస మళ్లీ మళ్లీ రావడం మొదలైంది. దాన్ని రాజలింగు చెప్పిన చుట్టుతో పోల్చి చూశాను. ఐదు డిస్కులు చుట్టులో ఆయన చెప్పిన వరుసలోనే ఉన్నాయి. మూడోది మాత్రం తన చోట లేదు. రెండుకూ నాలుగుకూ మధ్య ఉండవలసింది, ఆరుకూ ఒకటికీ మధ్యకు వచ్చి కూర్చుంది.

“గది ఎట్లయితది? నేను జరపలే,” అన్నాడు రాజలింగు.

వందన సుద్దముక్కతో బోర్డు మీది మూడో డిస్కు చుట్టూ గీత గీసింది. తర్వాత చేత్తో నోరు మూసుకుంది.

“సర్, గది నేనే.”

“నువ్వేం చేశావు?”

“దీపం పక్కకు ఉండె సర్ అది. వేడైతదని తీసి అవతలికి పెట్టిన. డిస్కుకు వేడి తగలొద్దని మీరే చెప్పిన్రు గదా?”

చెప్పాను. చేరిన మొదటి వారం విభాగమంతా కూర్చోబెట్టి చెప్పిన విషయం అదొక్కటే. రాజలింగు నవ్వడం మొదలుపెట్టాడు. కుర్చీ చాలక లేచి గోడ పట్టుకుని నవ్వాడు. “నన్ను తిడత అన్నవు గదా బిడ్డా, తిట్టు!” అంటాడు, మళ్లీ నవ్వుతాడు. వందన, “చుప్ బసా కాకా,” అంటూనే తనూ నవ్వింది. ఆ గదిలోకి అప్పుడే వచ్చిన మేనేజర్‌కు, రికార్డులు పోయిన విభాగం ఎందుకంత సంతోషంగా ఉందో అర్థం కాలేదు.

మూడో డిస్కును దాని చోటికి తెచ్చి, ఆగిపోయిన డిస్కు ఉండవలసిన స్థానాన్ని ఖాళీగా వదిలి, ఆ ఖాళీని పారిటీతో లెక్కగట్టించాం. లెక్క పూర్తయ్యాక పటం తెరిచాం. గ్యాలరీలు ఎక్కడా తెగలేదు. రాజలింగు మూసి మళ్లీ తెరవమన్నాడు. తెరిచాం. ఇంకోసారి మూయమన్నాడు. మూడోసారి తెరిచాక వందన పేడా డబ్బా మూత తీసింది.

మేనేజర్ అంతటితో తృప్తి పడలేదు, పడకూడదు కూడా. కంప్యూటర్ ఇచ్చిన అంకెలు అసలువేనని రుజువు కావాలి. రాజలింగు రెండు గ్యాలరీల్లోనూ చివరి మేకుల దగ్గర మళ్లీ కొలిచి, ఫైల్లోని అంకెలతో పోల్చి, ట్రావర్స్ ఎంత తేడాతో కలిసిందో రాసి సంతకం పెట్టాడు. తేడా అనుమతించిన హద్దులోనే ఉంది. తవ్వకం ఆపిన ఆదేశాన్ని మేనేజర్ ఎత్తేశాడు.

గ్యాలరీలు దగ్గరపడ్డాక ఇంకో నియమం వస్తుంది. ఒక వైపు పని పూర్తిగా ఆపి మనుషులను బయటికి పంపేస్తారు. రెండో వైపు నుంచి మందుగుండు పేల్చే ముందు పొడవాటి డ్రిల్లుతో రంధ్రం వేసి చూస్తారు. అవతల ఖాళీ తగిలితే కలిసినట్టు. నవంబరు చివరి వారంలో ఆ రంధ్రం వేసే రోజున రాజలింగు నన్ను తనతో లోపలికి రమ్మన్నాడు. వందన కూడా వస్తానంది. అప్పటి చట్టం ప్రకారం స్త్రీలు గనిలోకి దిగకూడదు. ఆమె పైన ల్యాంప్ రూమ్‌లో గని టెలిఫోను పక్కన కూర్చుంది. దీపాలు, హెల్మెట్లు ఇచ్చే గది అది. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఆమె చెప్పిన కథలో అన్నిటికన్నా బాగుండేది ఈ భాగమే. ఆమె చూడని భాగం కూడా ఇదొక్కటే.

నేను చూసింది చెబుతాను. డ్రిల్లు చాలాసేపు నల్లటి పొడి తెచ్చింది. తర్వాత ఒక్కసారిగా బరువు తగ్గినట్టు ముందుకు దూకింది. కడ్డీ వెనక్కి తీయగానే రంధ్రంలోంచి సన్నగా ఈల వచ్చింది. గాలి. మా దీపాల వెలుగులో పొడి అంతా ఒకే దిక్కుకు కొట్టుకుపోవడం కనిపించింది. రాజలింగు రంధ్రానికి అరచెయ్యి అడ్డం పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. అవతల భద్రత కోసం దూరంగా నిలబెట్టిన కాపలా మనిషి ఈల విని దగ్గరికి వచ్చి, రంధ్రానికి నోరు పెట్టి అరిచాడు.

“ఓ కాకా! చాయ్ ఉన్నదా ఆడ?”

అదే రోజు గ్యాలరీ పూర్తిగా తెరుచుకున్నాక రెండు వైపుల దారాలనూ కలిపి చూశారు. పక్కకు తేడా అరచేతి వెడల్పు కన్నా తక్కువ. రాజలింగు టెలిఫోను తీసి, “కలిసింది బిడ్డా,” అన్నాడు. అవతల వందన అరిచిన అరుపు పక్కన నిలబడ్డ నాకూ వినబడింది. నవంబరు ఆఖరు తారీఖున ఆయన ఛార్జి అప్పగించి రిటైరయ్యాడు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు దీని నుంచి చెప్పగలిగింది కొంత ఉంది. అసలు డిస్కును ముట్టకూడదని, చిన్న ఫైలు తెరుచుకుంటే నమ్మకూడదని ఏ శిక్షణలోనైనా చెబుతారు. చెప్పనిది ఇంకొకటి. యంత్రం పాడైనప్పుడు దాన్ని చివరగా ముట్టుకున్న మనుషులను గదిలోంచి పంపేయకూడదు. వాళ్లు ఏం చేశారన్నది ఒక్కటే చాలదు, ఏమనుకుని చేశారన్నది తెలియాలి. రాజలింగు చుట్టు పన్నెండు వరుసలకు తెచ్చింది, వందన దీపం మిగిలిన చిక్కు విప్పింది. మొదటి రోజే గట్టిగా అరిచి ఉంటే ఒకరు చుట్టు సంగతి, ఇంకొకరు దీపం సంగతి లోపలే దాచుకునేవారు. అందుకని ఆ తర్వాత నా ఉద్యోగంలో, ఏదైనా పోయిన రోజున, పోయిన వస్తువు దొరికేదాకా ఎవరి తప్పో అడగలేదు. దొరికాక అడగాలనిపించలేదు.

పూజ ఆపమని సర్క్యులర్ పంపమని పై ఆఫీసు నుంచి సలహా వచ్చింది. పంపలేదు. పంపినా ఆగదు. ఆగిపోయిన డిస్కును ఒక పెట్టెలో పెట్టి సర్వే విభాగానికి ఇచ్చి, సర్వర్ తరఫున పూజకు దీన్ని బయటికి తీయమన్నాను. వాళ్లకు అది సమ్మతమైంది. టేపు డ్రైవు మరుసటి వేసవిలో వచ్చింది. బ్యాకప్ రోజూ తీసేవాళ్లం. కానీ తీసినది తిరిగి తెరుచుకుంటుందా అని చూడటం ఏ ఆఫీసులోనూ ఎవరూ చేయరు. అలా చూడని బ్యాకప్ ఉన్నా లేనట్టే. అందుకని ఆ పెట్టె తాళం నా దగ్గర పెట్టుకుని, టేపు మీది డేటాను ఖాళీ డిస్కుల మీదికి తిరిగి ఎక్కించి, మా విభాగంవాళ్లు పెద్ద పటం తెరిచి చూపించిన తర్వాతే దసరాకు తాళం ఇస్తానని సర్వేవాళ్లకు చెప్పాను. నేను రిటైరయ్యేదాకా ఆ పరీక్ష ఒక్క ఏడు కూడా తప్పలేదు. పూజకు ఆలస్యమవుతోందని వాళ్లే వచ్చి చేయించేవారు.